కదలు కెమేరా – పరుగెత్తు కుక్క

టోలిచౌకిలో మేముండు ఇంటి డాబామీదినుండి చూచినచో ఒక వైపున గోలకొండ కోట, దానికి ముందు కుతుబ్‌షాహీ సమాధుల గుమ్మటములు, మరొక వైపున ఫిలింనగరు రాతిగుట్టలపై కట్టిన మేడలు కనిపించును. ఈ రెండింటికి నడుమనున్న మా వీధులలో తెల్లవారుజామున, బండ్ల రాకపోకలు మొదలు కాకముందు, కుక్కలదే రాజ్యము. నా దగ్గర ఇంటర్మీడియెటు చదువు విద్యార్థి ఒకడు పక్క సందులోనే ఉన్నాడు. వాని తండ్రి సినిమా షూటింగులకు జనరేటరు బండి నడుపును. పదకొండేండ్ల క్రిందట ఆయన ఒక వాననాడు షూటింగునుండి వచ్చుచు రోడ్డుప్రక్కన తడిసి వణకుచున్న కుక్కపిల్లను ఇంటికి తెచ్చెను. దాని పేరు మోతీ. నాకు ఫోటోలు తీయు వ్యసనము కలదని తెలిసి ఆ విద్యార్థి ఒకనాడు వచ్చి, "సార్, మోతీ పరుగెత్తేటప్పుడు ఒక ఫోటో తీసిపెట్టండి. వాడు ముసలివాడైపోతున్నాడు, మళ్ళీ అట్లా పరుగెత్తడు" అని అడిగెను.

మరునాడు సెలవు. ప్రొద్దు బాగుగా ఎక్కిన తరువాత ఇంటి వెనుకనున్న ఖాళీస్థలములో సెకండులో 1000వ వంతు కాలముపాటు మాత్రమే షట్టరు తెరచుకొనునట్లు అమర్చి బొమ్మ తీసితిని. అది చాల చక్కగా వచ్చినదని నా అభిప్రాయము. నాలుగు కాళ్ళును గాలిలో నున్నవి. మీసములోని వెంట్రుకలు లెక్క పెట్టవచ్చును. నేలనుండి లేచిన మట్టిరేణువులు కూడ విడివిడిగా కనిపించుచున్నవి. పిల్లవాడు దానిని చాలసేపు చూచి, "బాగుంది సార్" అని ఆగి, "కాని ఇది పరుగెత్తడం లేదు. ఎవరో దారంతో వేలాడగట్టినట్టుంది" అనెను.

నాకు కొంచెము కోపము వచ్చిన మాట నిజము. కాని వాడు చెప్పిన దానిలో ఒక భౌతికశాస్త్ర విషయమున్నది. బొమ్మలో మనము చూచునది వేగము కాదు, స్థానము మాత్రమే. వేగమనగా స్థానములోని మార్పును కాలముతో భాగించగా వచ్చునది. కాలమును ఇంచుమించు సున్న చేసినచో స్థానములో మార్పు కూడ ఇంచుమించు సున్న యగును. పరుగెత్తు కుక్కకును, వేలాడదీసిన కుక్కకును భేదము చెప్పు గుర్తు ఆ బొమ్మలో ఏమియు మిగులదు.

ఈ సంగతి కొత్తది కాదు. 1878లో అమెరికాలో పాలో ఆల్టోవద్ద మైబ్రిడ్జ్ అను ఛాయాగ్రాహకుడు వరుసగా కెమేరాలు నిలిపి దౌడు తీయుచున్న గుర్రమును ఫోటోలు తీసెను. నాలుగు కాళ్ళును ఒకేసారి నేలను విడుచునా అను ప్రశ్నకు విడుచుననియే జవాబు వచ్చెను. అయితే చిత్రకారులు అంతవరకు వేయుచుండినట్లు కాళ్ళు ముందుకు వెనుకకు చాచి కాదు, పొట్టక్రిందికి ముడుచుకొని. అందరును ఆశ్చర్యపడిరి. కాని ఫ్రాన్సులోని మహాశిల్పి రోడాఁ మాత్రము, నిజ జీవితములో కాలము ఆగదు గనుక ఆగిన కాలమును చూపు ఫోటోయే అబద్ధమనియు, చిత్రకారుడే నిజము చెప్పుచున్నాడనియు వాదించెను. మా పిల్లవాడు రోడాఁ పేరు వినలేదు. వాడు తన కుక్కను ఎరుగును, అంతే.

మన హైదరాబాదులోనే 6వ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడుగా నుండిన రాజా దీనదయాళ్ (మరణము 1905) కాలములో పొడి ప్లేట్లు వచ్చి, క్షణకాలపు బొమ్మలు సాధ్యమైనవి. అంతకుముందు ఫోటో తీయించుకొనువాడు ఊపిరి బిగబట్టి కొయ్యవలె కూర్చుండవలసినదే. కుక్కను కూర్చుండబెట్టుట ఎవరి తరము? నాటి పాత చిత్రములలో యజమాని స్పష్టముగాను, ఆయన పాదముల చెంత కుక్కకు రెండు తలలు ఉన్నట్లును కనిపించుట కలదు. ఆ మసకను పోగొట్టుటకు సైన్సు అంత శ్రమపడెను. ఇప్పుడు మనము దానినే కోరి తెచ్చుకొనుచున్నాము. భేదమేమనగా, నాటి మసక మన చెప్పుచేతలలో లేదు, ఇది ఉన్నది.

ఒక చిన్న లెక్క

మోతీ వేగము కొలుచుటకు 10 మీటర్ల దూరములో రెండు ఇటుకలు పెట్టితిమి. వాటి మధ్య అది పరుగెత్తుటకు సుమారు 2 సెకండులు పట్టినది. అనగా సెకండుకు 5 మీటర్లు. నేను దాని దారికి 5 మీటర్ల దూరములో నిలుచుంటిని. కెమేరా కటకపు నాభ్యంతరము 50 మి.మీ. కాబట్టి ప్రతిబింబము వస్తువులో ఇంచుమించు 100వ వంతు ఉండును. వస్తువు సెకండుకు 5000 మి.మీ. కదలుచున్నది గనుక ప్రతిబింబము కెమేరాలోని ఫలకముపై సెకండుకు 50 మి.మీ. కదలును. షట్టరు 1/1000 సెకండు తెరచియున్నచో ఆ ప్రతిబింబము 0.05 మి.మీ. మాత్రమే జరుగును; కంటికి ఇంచుమించు తెలియదు. 1/15 సెకండు తెరచియున్నచో 3.3 మి.మీ. జరుగును. కుక్క ప్రతిబింబము మొత్తము పొడవే 8 మి.మీ. అయినప్పుడు ఇది చాల ఎక్కువ. కెమేరా కదలకున్నచో కుక్క ఒక మట్టిరంగు చారగా మారిపోవును.

అయితే ఈ చారలోనే ఒక వింత యున్నది. కదలని కెమేరాతో 1/15 సెకండు తీసిన బొమ్మను పరీక్షించి చూడుడు. దేహమంతయు అలికిపోయినను ఒక్కొక్కప్పుడు ఒక పాదము మాత్రము గోళ్ళతో సహా స్పష్టముగా కనిపించును. ఎందుచేత? నేల మోపిన పాదము, మోపియున్నంతసేపు, నేలతోబాటు నిశ్చలముగా నుండును. కుక్క దానిని ఇరుసుగా చేసికొని ముందుకు పోవుచున్నది. దొర్లుచున్న సైకిలు చక్రము విషయములోను ఇంతే. నేలను తాకు బిందువునకు ఆ క్షణమున వేగము సున్న. పైఅంచునకు సైకిలు వేగమునకు రెట్టింపు. అందుచేత ఫోటోలో క్రింది ఆకులు విడివిడిగాను, పై ఆకులు కలిసిపోయియు కనిపించును. దీనిని బల్లమీద సుద్దతో ఎన్నిసార్లు నిరూపించినను నమ్మని విద్యార్థి ఒక్క ఫోటో చూచి నమ్మును. ఉపాధ్యాయులు తమ పాఠశాల ఆవరణలోనే చేసి చూపవచ్చును. షట్టరు కాలమును చేతితో మార్చుకొనగల సెల్‌ఫోను ఉన్నను చాలును.

ఇక కెమేరాను కదలించుదము. కుక్క మన ఎదుటికి వచ్చినప్పుడు దానితో సమానముగా తిరుగవలెనన్న కెమేరా కోణీయ వేగము ఎంత ఉండవలెను? వేగమును దూరముతో భాగించగా 5/5, అనగా సెకండుకు 1 రేడియను, లేక సుమారు 57 డిగ్రీలు. ఆ వేగముతో మనము నడుమునుండి తిరిగినచో కుక్క ప్రతిబింబము ఫలకముపై ఒకే చోట నిలుచును. ఇప్పుడు కదలునది లోకము. వెనుకనున్న గోడ, చెట్లు, దూరముననున్న గుమ్మటము – అన్నియు 1/15 సెకండులో 3.3 మి.మీ. పొడవుగల అడ్డుచారలుగా సాగిపోవును. గోడ పది మీటర్ల దూరములోనున్నను, గుమ్మటము కిలోమీటరు దూరములోనున్నను చట్రము నడుమ చార పొడవు ఒకటే. కెమేరా ఉన్నచోటనే తిరిగినప్పుడు దూరమునకు ప్రసక్తి లేదు.

కెమేరాయే ఒక బండిపైనుండి కుక్కతోబాటు పరుగెత్తినచో అట్లుకాదు. రైలు కిటికీలోనుండి చూచినప్పుడు దగ్గరి తంతిస్తంభములు రివ్వున వెనుకకు పోవును, దూరపు కొండ మనతో వచ్చుచున్నట్లుండును. అట్లే దగ్గరి పొదలు పొడవైన చారలగును, దూరపు కొండ చెదరదు. మన జానపద, పౌరాణిక చలనచిత్రములలో రథముల పందెములు, గుర్రపు స్వారీలు చూచినవారికి ఇది పరిచితమే. సినిమా కెమేరా సెకండుకు 24 బొమ్మలు తీయును. సగము చక్రపు షట్టరుతో ఒక్కొక్క బొమ్మకు 1/48 సెకండు వెలుగు పడును. అందుచేత సినిమాలోని ప్రతి బొమ్మలోను కొంత మసక సహజముగానే ఉండును. అది లోపము కాదు, ఉండవలసినదే. కంప్యూటరుతో గీసిన జంతువులకు మసక తగిలించకున్నచో వాటి నడక కుదుపులతో, మట్టిబొమ్మ నడిచినట్లు ఉండును. కాబట్టి గ్రాఫిక్సు పనివారు ప్రతి బొమ్మలోను దానిని లెక్కగట్టి చేర్చుదురు. 1981 నాటి ఒక అమెరికను చిత్రములో డ్రాగన్ బొమ్మను షట్టరు తెరచియున్నంతసేపు యంత్రముతో కదిలించిరి. 2012లో వచ్చిన మన 'ఈగ' చిత్రములోని ఈగ పూర్తిగా కంప్యూటరులో పుట్టినదే. అది రెక్క లాడించునప్పుడు రెక్కలు స్పష్టముగా కనిపించినచో ఎవరు నమ్ముదురు?

అరవైలో ఒకటి

సూత్రము సులభము, చేయి వినదు. మొదటి ఉదయము మేము తీసిన సుమారు 60 బొమ్మలలో పనికివచ్చినది ఒక్కటి. నా చేతగానితనమని అనుకొంటిని. తరువాత లెక్క వేసి చూడగా కొంత ఊరట కలిగినది. ఫలకముపై 1/30 మి.మీ. కంటె తక్కువ చెదరును కన్ను స్పష్టముగానే ఎంచునని ఛాయాగ్రాహకుల పాతలెక్క. మన చేయి తిరుగు వేగములో నూటికి 10 వంతులు పొరపాటు జరిగినచో, 1/15 సెకండులో కుక్క ప్రతిబింబము 0.33 మి.మీ. చెదరును, అనగా హద్దుకు పదిరెట్లు. హద్దులో ఉండవలెనన్న పొరపాటు నూటికి ఒక వంతు మించరాదు! 1/60 సెకండునకు నూటికి 4 వంతులు, 1/125 సెకండునకు నూటికి 8 వంతులు ఓర్చుకొనవచ్చును. కాబట్టి మొదలుపెట్టువారు 1/125తో మొదలుపెట్టి, క్రమముగా 1/60, 1/30 మీదుగా 1/15నకు దిగవలెను. అక్కడితో ఆగుట మంచిది. కుక్క దేహము పరుగులో పైకి క్రిందికి ఊగును, వెన్ను విల్లువలె వంగి సాగును. ఈ కదలికను ఏ చేయియు వెంబడించజాలదు. నేను కంటిని మాత్రమే వెంబడింతును. కన్ను తేటగా వచ్చినచో మిగిలిన మసకను చూపరి క్షమించును.

చేయి నేర్చుకొనవలసినది మరొకటి ఉన్నది. బిళ్ళంగోడు ఆడు పిల్లవాడు బిళ్ళను కొట్టిన వెంటనే చేతిని ఆపడు. కర్ర గాలిలో మరికొంత దూరము పోవును. అట్లే కెమేరా తిరుగుట బొత్తాము నొక్కుటకు చాల ముందే మొదలై, నొక్కిన తరువాత కూడ సాగవలెను. నొక్కునప్పుడు ఆగు చేయి, బొమ్మను పాడుచేయు చేయి.

బొత్తాము ఎప్పుడు నొక్కవలెను? కుక్క సరిగా మన ఎదుటనున్నప్పుడు. దీనికి కారణము అందముకన్న గణితములో నున్నది. కుక్క ఎదుటినుండి పక్కకు పోవుకొలది మనము తిరుగవలసిన కోణీయ వేగము ఆ కోణపు కొసైను వర్గము ననుసరించి తగ్గును. 30 డిగ్రీలవద్ద అది ముప్పాతిక, 45 డిగ్రీలవద్ద సగము. సరిగా ఎదుట అది గరిష్ఠము. గరిష్ఠ బిందువువద్ద మార్పు రేటు సున్న యని కలనగణితములో చదువుకొంటిమి గదా! కొద్దిసేపు సమవేగముతో తిరిగినను చాలునట్టి చోటు అది ఒక్కటే.

ఇట్లు వెంబడించుట మనకు కొత్తవిద్య కాదు. పోవుచున్న కుక్కను చూచునప్పుడు మన కన్నుకూడ దానితో తిరుగుచునే యుండును. అప్పుడు రెటీనామీద కుక్క నిలుచును, గోడ సాగును. గోడ సాగినట్లు మనకు తోచదు. మెదడు దానిని తోసివేయును. కాబట్టి వెంబడించి తీసిన బొమ్మ కంటికి అబద్ధముగా తోచదు. కన్ను పడి, మెదడు దాచిన పాటును అది బయట పెట్టుచున్నది.

వెలుతురు సంగతి త్వరగా ముగించెదను. నడిమధ్యాహ్నపు ఎండలో ఐ.ఎస్.ఓ. 100 వద్ద, కటకపు రంధ్రము ఎఫ్ 16కు మూసినను, షట్టరు 1/125 సెకండు చాలును. 1/15 తెరచినచో ఎనిమిదిరెట్లు వెలుగు పడి బొమ్మ తెల్లబోవును. ఎనిమిదవ వంతు వెలుగును మాత్రమే పోనిచ్చు బూడిదరంగు అద్దమును కటకమునకు తొడుగవచ్చును. కాని మన వేసవిలో నడిమధ్యాహ్నమున తారురోడ్డుపై కుక్కను పరుగెత్తించుట పాపము; దాని అరికాళ్ళకు చెప్పులు లేవు. తెల్లవారుజాము, సంధ్యవేళ – వెలుతురే తక్కువ. అద్దము అక్కరలేదు, కుక్కకును హాయి. ఫ్లాషు వాడవద్దు. కుక్క కంటి వెనుకనున్న మెరుపుపొర ఆ కాంతిని తిరుగగొట్టి కళ్ళు పచ్చని దీపములవలె పడును. పైగా కొన్ని కుక్కలు జడియును. కుక్క తనంతట తాను పరుగెత్తు కారణము – బంతియో, యజమాని పిలుపో – ఉండవలెను. తరిమి తీసిన బొమ్మలో చెవులు వెనుకకు అణగి, తోక ముడుచుకొని యుండుట మీరే చూతురు. మసక ఎంతయున్నను భయము దాగదు.

కదలని పిల్లి

అన్ని జంతువులును పరుగెత్తవు. మా ప్రహరీగోడమీద పొరుగువారి పిల్లి ఒకటి ఉదయము రెండు గంటలసేపు కదలక కూర్చుండును. దాని పక్కలమీద నిలువుచారలు. దీనిముందు కెమేరానే కదలించితిని. పావు సెకండు షట్టరుతో కెమేరాను నిలువుగా కదిపినచో చారలు చెక్కుచెదరక నిలిచినవి, గోడ ఇటుకల అడ్డుగీతలు మాయమైనవి. అడ్డముగా కదిపినచో ఇటుకల వరుసలు నిలిచినవి, చారల పిల్లి ఒకే బూడిదరంగు పిల్లి యైనది! కదలిక దిశలోనున్న గీత తనమీదనే తాను సాగును గనుక చెదరదు. దానికి లంబముగా నున్న గీత పరచుకొని పోవును. గీతల నోటుపుస్తకముతో ఎవరైనను సరిచూడవచ్చును. కెమేరాను చక్రమువలె మెలిదిప్పినచో నడిబిందువు కదలదు, అంచులకు పోవుకొలది చెదరు పెరుగును. 10 డిగ్రీలు తిప్పినచో నడుమనుండి 12 మి.మీ. దూరములో చెదరు 2 మి.మీ. పైచిలుకు. పిల్లి కంటిని నడుమ నుంచుట మరువకుడు. షట్టరు కాలములో మొదటిసగము కదలక, రెండవసగము కదిపినచో రూపము నిలిచి, దానినుండి ఒక నీడ బయలుదేరినట్లు వచ్చును. ఇది నాకు మిక్కిలి ఇష్టమైనది, చాలసార్లు కుదరనిది.

కొత్త కెమేరాలలో చేతి వణుకును కనిపెట్టి సర్దు యంత్రాంగము ఉండును. మనము కావలెనని కదలించినను అది వణుకే అనుకొని ఎదురు తిరుగును. దానిని ఆపివేయవలెను, లేక నిలువు వణుకును మాత్రమే సర్దునట్లు అమర్చవలెను. సెల్‌ఫోనులలో మరొక పేచీ. వాటి ఫలకము బొమ్మను ఒకేసారి గాక వరుసవరుసగా చదువును. వేగముగా తిప్పినచో నిలువు స్తంభములు ఒరిగిపోవును. ఇదియు పాత సంగతియే. ఫ్రాన్సు దేశపు లార్తీగ్ అను యువకుడు 1910 దశాబ్దపు తొలియేండ్లలో పందెపు కారును తీసిన బొమ్మలో కారు చక్రము కోడిగుడ్డువలె ముందుకు వంగినది, చూచుచున్న జనము వెనుకకు వంగిరి. సన్నని చీలికగల షట్టరు నిలువుగా పోవుచుండగా చక్రము ముందుకు జరిగినది. అతడు కెమేరాను తిప్పినాడు గాని కారంత వేగముగా తిప్పలేదు. నాడు దానిని తప్పిన బొమ్మగా పక్కన పెట్టినను, తరువాత అది లోకప్రసిద్ధమైనది. 1912లో ఇటలీ చిత్రకారుడు బల్లా గొలుసు కట్టిన పొట్టికాళ్ళ కుక్కను వేసి, దాని కాళ్ళను విసనకఱ్ఱలవలెను తోకను అయిదారు తోకలుగాను చూపెను. 1950 దశాబ్దములో ఎర్న్‌స్ట్ హాస్, అప్పటి రంగు ఫిల్ముకు వెలుతురు చాల కావలసియుండగా ఆ బలహీనతనే బలముగా మార్చుకొని, స్పెయిను ఎద్దుల పోట్లాటలను మసక చారలలో తీసెను. మసకకు కళలో స్థానము కల్పించినవారిలో ఆయన ముఖ్యుడు.

కుంటి చెప్పిన బొమ్మ

మోతీ వద్దకు తిరిగి వత్తము. వెంబడించి తీసిన బొమ్మలో దేహము నిలుచును, కాళ్ళు విసనకఱ్ఱలవలె విచ్చుకొనును. మోతీ దౌడులో సెకండుకు సుమారు 3 అంగలు వేయును. కాబట్టి 1/15 సెకండులో అంగలో అయిదవ వంతు మాత్రమే పడును. 1/3 సెకండు తెరచినచో ఒక అంగ పూర్తిగా, ప్రతి కాలును ముందుకు వెనుకకు ఊగిన మేర అంతయు పడును. దేహము కొంత చెదరినను చెదరనిమ్మని, ఒక వారము తరువాత 1/3 సెకండుతో కొన్ని తీసితిని. పిల్లవానికి అవి నచ్చినవి. "ఇప్పుడు పరుగెత్తుతున్నాడు సార్" అనెను.

ఇంటికి వచ్చి వాటిని పెద్దవిగా చేసి చూచుచుండగా ఒకటి తోచినది. మూడు కాళ్ళ విసనకఱ్ఱలు వెడల్పుగా నున్నవి. కుడి వెనుకకాలిది ఇరుకుగా నున్నది. ఒక్క బొమ్మనుబట్టి ఏమియు చెప్పరాదు. కుడికాలు అప్పుడు అవతలి వైపున ఉన్నది గనుక ఎడమకాలి చాటున పడి అట్లు కనిపించియుండవచ్చును. అందుచేత మరునాడు కుక్కను ఎదురు దిశలో పరుగెత్తించి, కుడివైపు నావైపున ఉండునట్లు తీసితిమి. అప్పుడును అదే. పన్నెండు బొమ్మలలో స్కేలుతో కొలిచితిమి. ప్రతిదానిలోను కుడి వెనుకకాలు తన జతకాలికంటె తక్కువ మేర ఊగినది. పదకొండేండ్లుగా ప్రతిదినము చూచుచున్న ఇంటివారికి ఇది తెలియలేదు. కుక్క నడకలో కుంటి లేదు. పరుగులో అది కాలిని దాచుకొనుచున్నది.

పిల్లవాడు తండ్రితో కలసి దానిని పశువైద్యునివద్దకు తీసికొనిపోయెను. బొమ్మలను కూడ పట్టుకొనిపోయినాడు. వైద్యుడు వాటిని ఒకసారి చూచి, కాలిని చేతితో వంచి చాచి, ఎక్స్‌రే తీయించెను. తుంటికీలు అరిగినది. బరువు తగ్గించవలెననియు, దూకుట మానిపించవలెననియు, నొప్పికి మందు వాడవలెననియు, మెల్లగా నడిపించుట మంచిదేగాని దౌడు తీయించరాదనియు చెప్పెను. నేను వారము రోజులుగా బొమ్మలకొరకు ఆ కుక్కను పరుగెత్తించుచునే ఉంటినని గుర్తుకువచ్చి సిగ్గుపడితిని. వైద్యునితో ఆ మాట కూడ చెప్పుమని పిల్లవానిని మరల పంపితిని. "పరుగెత్తించకపోతే తెలిసేదే కాదు గదా, ఇక మానండి" అని ఆయన అన్నాడట.

కావున ఇప్పుడు మోతీ పరుగు బొమ్మలు లేవు. దాని తోక మాత్రము ఊగును. పిల్లవాడు కళాశాలనుండి వచ్చు వేళకు గేటువద్ద నిలిచి ఊపు తోకను సెల్‌ఫోను వీడియోలో లెక్కించితిమి. 5 సెకండులలో 20 ఊపులు. 1/4 సెకండు షట్టరుతో ఒక పూర్తి ఊపు పడును. ఆ బొమ్మలో తోక ఒక పలుచని విసనకఱ్ఱ. దాని రెండు అంచులును చిక్కగాను, నడుమ పలుచగాను ఉన్నవి. లోలకము కొసలవద్ద ఆగి తిరుగునట్లు తోకయు అంచులవద్ద ఎక్కువసేపు ఉండును. సరళ హరాత్మక చలనములో మార్గపు నడిమి సగము దాటుటకు మూడవ వంతు కాలమే పట్టును, మిగిలిన రెండు వంతులు రెండు కొసలవద్ద గడచును. ఆ బొమ్మ ఇప్పుడు వాని చదువుకొను బల్ల ఎదుట గోడకు అంటించియున్నది. అంచుల చిక్కదనమునుబట్టి తోక ఊపు నిజముగా సరళ హరాత్మకమేనా, లేక సంతోషము ఎక్కువైనప్పుడు కాదా అని కొలుచుటకు వాడు మొన్ననే మొదలుపెట్టినాడు.